కొబ్బరిచెట్టుకి రేకు పట్టీ: పిల్లులు ఎక్కకుండా ఏడాది నుంచి వాడుతున్నాం, నా రివ్యూ

మా వీధిలో వెళ్ళేవాళ్ళు పెరటివైపు చూసి అడిగేది ఒకటే మాట, "ఎలకల కోసం కట్టించారా అండి?" అని. రెండు పొడుగు కొబ్బరిచెట్లకి మనిషి ఎత్తులో అల్యూమినియం రేకు చుట్టి మెరుస్తా ఉంటుంది మరి. కోనసీమలో పుట్టి పెరిగినోళ్ళకి అదేం కొత్త కాదు, ఎలకలు పైకెక్కి పిందెలు కొరికి పడేయకుండా తోటల్లో రేకు చుట్టడం ఎప్పటినుంచో చూస్తున్నదే. మేం కట్టించింది మాత్రం మా పిల్లుల కోసం. దీని గురించి అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒక్కసారి వివరంగా రాసేస్తే పిల్లులున్న ఇంకో నలుగురికి పనికొస్తుందని రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుద్ది, ఓపిగ్గా చదవండి.

మాకు రెండు పిల్లులు. కాటుక నల్లది, ఆడది, నాలుగేళ్ళు. జున్ను లేత పసుపు రంగుది, మగది, దానికి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. పోయినేడు శ్రావణమాసంలో ఒక సాయంత్రం గోరింకల వెనక పడి జున్ను కొబ్బరిచెట్టు ఎక్కేసింది. ఎక్కడం ఎంత స్పీడుగా ఎక్కిందంటే నేను బట్టలు తీస్తా "ఒరేయ్ ఒరేయ్" అనేలోపు మట్టల్లోకి వెళ్ళిపోయింది. అది పాత చెట్టు, యాభై అడుగుల పైమాటే. ఇక అంతే, దిగలేదు. రాత్రంతా అరుస్తానే ఉంది, తెల్లారి వాన మొదలైంది, వానలో చెట్టెక్కడానికి ఎవరూ రారు, రమ్మని అడగడం కూడా తప్పే. మా అత్తయ్యగారు వరండాలో కుర్చీ వేసుకుని పైకి చూస్తా కూర్చున్నారు, అన్నం కూడా సరిగ్గా తినలేదు ఆవిడ. రెండో రాత్రికి అరుపు సన్నబడిపోయింది, అది విన్నాక నాకు భయం పట్టుకుంది. మూడో రోజు పొద్దున వాన తెరిపిచ్చాక మాకు కాయలు దింపే అబ్బాయి గోనెసంచి నడుముకి కట్టుకుని ఎక్కాడు. జున్ను భయంతో అతని చెయ్యంతా గీరేసింది, అయినా వదలకుండా సంచిలో వేసి తాడుతో కిందకి దింపాడు. సంచి విప్పగానే అది నేలకి అతుక్కుపోయి వణుకుతా ఉంది, ముందు కాళ్ళ గోళ్ళు రెండు విరిగి రక్తం కట్టింది. అతన్ని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళి టీటీ, రేబిస్ టీకా వేయించాం. పిల్లి గీరితే "ఏం కాదులే" అని ఊరుకోకండి, పెంపుడు పిల్లైనా సరే.

"ఎక్కిన పిల్లికి దిగడం రాదా?" అని అందరూ అంటారు. నేనూ అలాగే అనుకున్నా. మా పశువుల డాక్టరు గారు జున్ను కాలు పట్టుకుని గోరు బయటికి నొక్కి చూపించారు. గోరు లోపలికి వంపు తిరిగి కొక్కెంలా ఉంటుంది. పైకెక్కేటప్పుడు ఆ కొక్కెం చెట్టులో దిగి బరువు ఆపుతుంది, అదే తల కిందకి పెట్టి దిగబోతే కొక్కెం తిరగబడి పట్టు దొరకదు. దిగాలంటే వెనక్కి వెనక్కి దిగాలి, అది కొన్ని పిల్లులకి మాత్రమే అలవాటవుద్ది. ఉడుతకైతే వెనక కాళ్ళు మడమ దగ్గర పూర్తిగా వెనక్కి తిరుగుతాయి కాబట్టి తలకిందులుగా పరిగెత్తగలదు, పిల్లికి అలా తిరగవు. మామిడి, జామ లాంటివైతే కొమ్మకొమ్మకీ ఆగి ఎలాగోలా దిగొచ్చేస్తాయి. కొబ్బరిచెట్టుకి మధ్యలో ఆగడానికి ఏముంది, ఎక్కితే నిలువునా మొవ్వు దాకా, దిగితే నిలువునా నేల దాకా. అందుకే పెరట్లో అన్ని చెట్లలో కొబ్బరిచెట్టే పిల్లికి ప్రమాదం. మాకు ఒక గంగాబొండాం చెట్టు కూడా ఉంది, పొట్టిది, దాన్ని ఎక్కినా దూకేస్తాయి కాబట్టి దాని జోలికి మేం వెళ్ళలేదు.

రేకు దాకా రావడానికి ముందు డబ్బులు తగలేసింది కూడా చెప్పాలి, ఎందుకంటే వెతకగానే మీకూ ఇవే కనిపిస్తాయి.

మొదట ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ ముళ్ళ పట్టీలు తెప్పించా, 12 ముక్కల సెట్టు 649 రూపాయలు. గోడల మీద పావురాలు, పిల్లులు కూర్చోకుండా వేసేవి, చెట్టుకి కూడా కట్టుకోవచ్చని రాశాడు. ముళ్ళు మొద్దుగా ఉంటాయి, గుచ్చుకోవు, అంతవరకు నిజమే. కానీ కాటుక వాటి మీద కాలేసి మెట్లెక్కినట్టు ఎక్కింది, నేను చూస్తుండగానే. నున్నటి చెట్టుకి మనమే పట్టు ఇచ్చినట్టైంది. అది కూడా పర్లేదనుకుంటే, రెండు ముళ్ళ మధ్య జున్ను వేలు ఇరుక్కుని గింజుకుంటుంటే మా అబ్బాయి పరిగెత్తుకెళ్ళి విడిపించాడు. ఆ సాయంత్రమే అన్నీ కోసి తీసేశాం. చెట్లకి ఇది వద్దు అని గట్టిగా చెప్తున్నా.

తర్వాత వాసన స్ప్రే. 399 రూపాయలు, నారింజ వాసన, సీసా మీద అంతా నేచురల్ అని రాసుంది. కొట్టిన రోజు రెండూ ఆ చెట్టు వైపు వెళ్ళలేదు, నేను సంబరపడ్డా. మూడో రోజు చిన్న జల్లు పడగానే వాసన పోయింది, మళ్ళీ కొట్టా. అప్పుడు కాటుక ఆ చెట్టుకి వీపు రుద్దుకుని తర్వాత ఒళ్ళంతా నాకేసుకుంది, అరగంటకి నోట్లోంచి చొంగ కారుస్తా మూలన నక్కింది. డాక్టరు గారికి ఫోన్ చేస్తే ముందు ఆ సీసా తీసుకుని పిల్లితో సహా రమ్మన్నారు. నిమ్మ, నారింజ తొక్కల్లోంచి తీసిన గాఢమైన నూనెలు పిల్లులకి పడవంట. మనకి సువాసన, వాటికి విషం. దాని ఒళ్ళు కడిగించి రోజంతా కనిపెట్టుకుని ఉన్నాం, దేవుడి దయవల్ల తేరుకుంది. నేచురల్ అనే మాట చూసి నమ్మకండి.

ఇక్కడే ఇంకో సంగతి, ఇది రివ్యూలో భాగం కాకపోయినా రాయక తప్పదు. మనవైపు అందరూ చెప్పే చిట్కాలు ఉన్నాయి కదా, చెట్టు మొదట్లో కలరా ఉండలు పెట్టు, ఫినాయిల్ పొయ్యి, కారం చల్లు అని. దయచేసి ఇవేవీ చెయ్యకండి. కొన్ని రకాల రసాయనాల్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి లివరుకి చాలా తక్కువంట, మనిషికీ కుక్కకీ ఉన్నంత ఉండదు. ఫినాయిల్ తాగక్కర్లేదు, తొక్కిన కాళ్ళు నాకినా చాలు. కలరా ఉండలూ అంతే. కారమైతే కాళ్ళకంటి, ఆ కాళ్ళతో మొహం తుడుచుకుంటుంది కాబట్టి నేరుగా కళ్ళలోకే వెళ్తుంది. చెట్టుకి గ్రీజు పూయమని కూడా ఒకాయన చెప్పారు. పిల్లి ఒంటికి ఏది అంటినా అది చివరికి నాలుక మీదకే వస్తుందన్నది గుర్తుపెట్టుకుంటే ఏది వాడొచ్చో ఏది వాడకూడదో మీకే తెలిసిపోతుంది.

రెండువైపులా అంటుకునే టేపు కూడా చుట్టా, 275 రూపాయల రోల్. సోఫాలు గీరకుండా ఇంట్లో వాడుకోడానికి అది బానే ఉంటుందేమో గానీ బయట చెట్టుకి ఒక్క రోజులో దుమ్ము, చీమలు అంటుకుని ఆ జిగురు కాస్తా పోయింది. అన్నిటికన్నా బాధ ఏంటంటే రెండో రోజు పొద్దున చూస్తే ఒక చిన్న తొండ దానికి అతుక్కుపోయి ఉంది. తోక, ఒక పక్క కాళ్ళు, పొట్ట మొత్తం అంటుకుపోయాయి, గొంతు దగ్గర మాత్రం కొట్టుకుంటా ఉంది. కొబ్బరినూనె దూదితో కొంచెం కొంచెంగా రాస్తా పావుగంట పట్టింది విడదీయడానికి. బతికే వెళ్ళింది, ఇటుకల సందులోకి దూరిపోయింది. టేపు ఆ క్షణమే పీకేసి కాల్వలో కాకుండా చెత్తబండిలో వేశా.

చెట్టుకి చుట్టూ నైలాన్ వల కట్టమని కూడా చెప్తారు, అది నేను వాడలేదు, మా పక్క తోటలో వలలో పాము చిక్కుకుని ఎండకి చచ్చిపోవడం ఒకసారి చూశాక దాని ఆలోచనే రాలేదు.

రేకు ఐడియా అత్తయ్యగారిది. "ఎలక ఎక్కకుండా రేకు కడితే పిల్లి మాత్రం ఎలా ఎక్కుద్దే? రెండూ గోళ్ళతో ఎక్కేవే కదా" అన్నారు ఆవిడ. ఎంత తేలిక మాట! నెల రోజులుగా ఫోన్‌లో వెతుకుతున్న నాకు తట్టలేదు.

మార్కెట్ వెనక వీధిలో ట్రంకుపెట్టెలు, గరాటులు, నీళ్ళ డబ్బాలు చేసే రేకుల షాపు ఉంది. పెద్దాయన, ఆయన కొడుకు ఇద్దరే పనిచేస్తారు. పేరు రాయట్లేదు, మీ ఊళ్ళో కూడా ఇలాంటి షాపు తప్పకుండా ఉంటుంది, ఈ పని వాళ్ళకి చేతిలో పని. నేను కాగితం మీద బొమ్మ గీసుకుని వెళ్ళా. ఆయన కాగితం చూడకుండా ముందు అడిగిన ప్రశ్న "చెట్టు చుట్టుకొలత తెచ్చావా అమ్మా?" అని. తేలేదు. "దారం చుట్టి తీసుకురా, కింద ఒక చోట, పైన ఒక చోట, రెండు దారాలు" అన్నారు. ఇంటికెళ్ళి నాలుగడుగుల దగ్గర, ఏడడుగుల దగ్గర దారం చుట్టి ముడులేసి పట్టుకెళ్ళా, ఒకటి 34 అంగుళాలు, ఒకటి 33. చెట్టు పైకెళ్ళే కొద్దీ కొంచెం సన్నబడుద్ది కదా, అందుకే రెండు కొలతలు. ఆ అంగుళం తేడా వదిలేస్తే పైన సందు ఉండిపోయి అందులో బొద్దింకలు, జెర్రులు కాపురం పెడతాయంట.

జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనప రేకు) చవక, కానీ మావైపు గాలికి తుప్పు తొందరగా వస్తుంది, తుప్పు పట్టి గరుకైతే గోరుకి పట్టు దొరుకుతుంది. అందుకని అల్యూమినియం తీసుకోమన్నారు. వెడల్పు ఎంత పెట్టాలన్న దగ్గర మా ఇద్దరికీ చాలాసేపు చర్చ జరిగింది. ఎలకలకి అడుగున్నర పట్టీ సరిపోతుంది, పిల్లికి సరిపోదు. పిల్లి నేల మీద నుంచి ఐదారు అడుగులు ఎగరగలదు. పట్టీ మరీ కింద కడితే దాని మీదుగా ఎగిరి పైన చెట్టు పట్టేసుకుంటుంది. మరీ సన్నగా కడితే చెట్టు మీద నుంచే ఒక్క ఊపుతో దాటేస్తుంది. చివరికి మూడడుగుల వెడల్పు, నేల నుంచి నాలుగడుగుల దగ్గర మొదలై ఏడడుగుల దగ్గర ఆగేలా ఖాయం చేశాం. ఇప్పటిదాకా ఈ లెక్క తప్పలేదు. నాలుగడుగుల దాకా ఎక్కి గోళ్ళు గీరుకోడానికి చెట్టు కింద భాగం వాటికి మిగులుతుంది, అది కూడా మంచిదే.

మేకులు కొడదామని మా ఆయన అన్నారు. పెద్దాయన గట్టిగా తల అడ్డంగా ఊపి "కొబ్బరికి మేకు కొట్టకూడదు బాబూ" అన్నారు. ఇది చాలామందికి తెలియని విషయం. వేప, మామిడి లాంటివాటికి దెబ్బ తగిలితే బెరడు మెల్లగా కమ్ముకుని పూడిపోతుంది. కొబ్బరి ఆ జాతి కాదు, తాటిచెట్టులాగే దానికి అలా పూడే గుణం లేదు, దెబ్బ పడితే ఆ గాయం చెట్టున్నన్నాళ్ళు అలాగే ఉంటుంది. ఆ గాయం వాసనకే ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది, లోపల పురుగు తినేస్తుంటే పైకి ఏం తెలీదు, మొవ్వు వాలిపోయాక తెలుస్తుంది, అప్పటికి చెట్టు చేజారిపోయినట్టే. పిల్లిని కాపాడబోయి యాభై ఏళ్ళ చెట్టుని పోగొట్టుకుంటామా.

మేకుకి బదులు ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది. ట్రంకుపెట్టెకి ముందు వేసే క్లిప్పులుంటాయి కదా, లాగి నొక్కితే టక్కున పడేవి, అవి ఒక్కో పట్టీకి మూడు రివెట్ కొట్టి బిగించారు. రేకు అంచులు అరంగుళం లోపలికి మడిచి సుత్తితో అణిచారు, వేలితో అంచు పొడుగునా రాసి చూసుకున్నా, ఎక్కడా కోసుకోదు. లోపల పైనా కిందా పాత సైకిల్ ట్యూబు ముక్క అతికించారు, దానివల్ల రేకు కిందకి జారదు, చెట్టుకి ఒరుసుకోదు, గాలేస్తే చప్పుడు కూడా రాదు. క్లిప్పులు గోడ వైపు ఉండేలా తిప్పి పెట్టాం. రెండు చెట్లకి కలిపి రేకు 1,450, క్లిప్పులు 240, కూలి 500, మొత్తం 2,190 రూపాయలైంది. అంతకుముందు పనికిరాని వాటి మీద 1,323 పోశాను, ఆ లెక్క కూడా మీకు తెలియాలి.

కట్టిన రోజు సాయంత్రం జున్ను యథాప్రకారం పరిగెత్తుకొచ్చి చెట్టు పట్టుకుంది. నాలుగడుగులు ఎక్కి రేకు మీద చెయ్యి వేసింది. గోళ్ళు సర్రున జారాయి. ఇంకో చెయ్యి వేసింది, అదీ జారింది. ఒక క్షణం అలాగే వేలాడి రేకు వాసన చూసి వెనక్కి దిగి గడ్డిలో కూర్చుని పైకి చూసింది. దెబ్బ లేదు, భయం లేదు, ఊరికే పట్టు దొరకలేదు అంతే. మొదటి వారం రోజుకి రెండు మూడు సార్లు ప్రయత్నించింది, తర్వాత మానేసింది.

కానీ అంతా అక్కడితో బాగైపోలేదు. రెండో చెట్టు ప్రహరీగోడకి మూడడుగుల దూరంలోనే ఉంది. కాటుక గోడెక్కి అక్కడి నుంచి రేకు పైన చెట్టు మీదకి ఒక్క దూకు దూకింది. అంటే మన కొలత నేల నుంచి కాదు, పిల్లి నిలబడగలిగే ప్రతి ఎత్తు నుంచీ వేసుకోవాలి. గోడ, మోటారు గది రేకు, నీళ్ళ ట్యాంకు, బట్టలుతికే బండ, పక్కనే ఆనించిన నిచ్చెన, అన్నీ. ఆ చెట్టుకి పట్టీని ఊడదీసి గోడ పైఅంచు నుంచి నాలుగడుగులు లెక్కేసి పైకి జరిపి కట్టాం. అదృష్టం ఏంటంటే అప్పుడు కాటుక బెదిరి తనంతట తనే గోడ మీదకి దూకేసింది.

ఇంతకన్నా పెద్ద పొరపాటు ఇంకోటి జరిగింది, ఇది చదివే ప్రతి ఒక్కరూ దీన్ని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. మొదటి చెట్టు మట్ట ఒకటి వంగి మా డాబా పిట్టగోడ మీద ఆనుతుండేది. ఎవరం పట్టించుకోలేదు. సంక్రాంతి ముందు జున్ను డాబా మీద నుంచి ఆ మట్ట పట్టుకుని చెట్టు మీదకి వెళ్ళిపోయింది. ఈసారి ధైర్యం చేసి వెనక్కి వెనక్కి దిగడం మొదలుపెట్టింది కూడా, నాకు ప్రాణం లేచొచ్చింది. రేకు దాకా వచ్చింది. రేకు పైనుంచి దిగేవాటికీ జారుడే కదా! ఏడడుగుల ఎత్తు నుంచి జర్రున జారి కింద పడింది. ఏడడుగులే కాబట్టి కాళ్ళ మీద పడి లేచి వెళ్ళిపోయింది, అదే భయపడి మళ్ళీ పైకెళ్ళిపోయుంటే మన రేకే దాన్ని పైన బందీ చేసేది. కాబట్టి రేకు కట్టే ముందు చెట్టు మీద పిల్లి లేదని పైకి చూసి నిర్ధారణ చేసుకోవాలి, మీ పిల్లే కాదు వీధి పిల్లులు కూడా, మట్టల్లో నక్కి ఉండొచ్చు. తర్వాత పక్క చెట్టు కొమ్మ గానీ డాబా గానీ షెడ్డు గానీ పైన తగిలే చోటు ఉందేమో చూడాలి. మాకు ఆ ఒక్క మట్ట కొట్టించేస్తే సరిపోయింది. అడ్డమొచ్చిందని పచ్చి మట్టలు ఎడాపెడా కొట్టించకండి, కాపు దెబ్బతింటుంది.

కరెంటు తీగలు చెట్టు పక్కన ఉంటే మాత్రం మీరు ఏం చెయ్యకండి, నిచ్చెన కూడా వెయ్యకండి, ముందు లైన్‌మేన్‌ని పిలిచి సప్లై ఆపించాకే ఏ పనైనా.

కాయలు దింపే అబ్బాయి సంగతి. మాకు రెండు నెలలకోసారి దింపు ఉంటుంది. రేకు మీద మనిషి కాలు కూడా జారుతుంది, పిల్లి కన్నా మనిషి పడితే పెద్ద ప్రమాదం, అందుకే అతను రాకముందే మేమే రేకులు తీసి పక్కన పెడతాం. క్లిప్పులు కాబట్టి నిమిషం పని. అతను దిగి వెళ్ళాక మళ్ళీ పెట్టేస్తాం. నట్టు బోల్టులు వేయించి ఉంటే తుప్పు పట్టి బిగుసుకుపోయి ఈ పని బద్ధకించేవాళ్ళం, అసలు తియ్యకుండా ఎక్కమనేవాళ్ళమేమో కూడా. తీసిన ప్రతిసారీ లోపల బ్రష్షుతో దులుపుతాం. వానాకాలంలో ఒకసారి లోపల తడి పట్టి చెట్టు మీద పాకుడులా వచ్చింది, తర్వాత నుంచి వానల్లో నెలకోసారి తీసి ఒక పూట ఆరనిస్తున్నాం. వేసవిలో పడమటి ఎండకి రేకు చెయ్యి పెడితే చురుక్కుమనేంత కాలుతుంది. బయటి వైపు తెల్ల పెయింటు వేద్దామని మా ఆయన, వద్దని నేను, పెయింటు పెచ్చులు లేస్తే గోరుకి పట్టు దొరుకుతుందని నా భయం. చివరికి మధ్యాహ్నం పూట నీడ పడేలా ఆ వైపు ఒక పాత గోనెపట్టా తాడు మీద ఆరేసినట్టు కట్టాం, చెట్టుకి తగలకుండా. దానితో సరిపోయింది.

మామిడి, వేప చెట్లకి కట్టాలనుకునేవాళ్ళకి ఒక మాట. కొబ్బరి మాను లావు పెరగదు కాబట్టి కొలత మారదు. మామిడి, వేప ఏడాదికేడాది లావెక్కుతాయి, బిగించి వదిలేస్తే రేకు చెట్టులోకి దిగిపోయి బెరడు కోసుకుపోతుంది, బెరడు చుట్టూ తెగితే చెట్టు ఎండిపోతుంది. వాటికి నాలుగైదు అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా రేకు పెట్టించుకుని క్లిప్పులకి బదులు స్ప్రింగు వేయించండి, ఆరు నెలలకోసారి చూసి వదులు చేయండి. కింద కొమ్మలు ఏడడుగుల లోపే ఉంటే మాత్రం రేకు దండగ.

ఇదంతా చేసి చెట్లన్నీ మూసేస్తే పిల్లులేం కావాలి? ఎక్కడం వాటి పుట్టుక. అందుకని జామచెట్టుని వాటికే వదిలేశాం. పదడుగుల చెట్టు, కొమ్మలు వెడల్పుగా ఉంటాయి, పడినా కింద ఎరువు మట్టి మెత్తగా ఉంటుంది. జామచెట్టు బెరడు నున్నగా ఉంటుందని కింద రెండడుగులు కొబ్బరితాడు చుట్టాం, మరీ బిగించకుండా. ఇంకా పక్కూళ్ళో గాలివానకి పడిన కొబ్బరి మాను నుంచి ఐదడుగుల దుంగ తెచ్చి వరండా పక్కన పాతి, పైన ఒక చెక్క కొట్టి గోనె పరిచాం. ఈ దుంగకి మేకు కొట్టొచ్చు, అది ఎలాగూ చచ్చిన చెట్టే. కాటుక రోజులో సగం దాని మీదే ఉంటుంది. నా ఉద్దేశంలో రేకు ఎంత పనిచేసిందో ఈ దుంగ కూడా అంతే పనిచేసింది, చెట్టు మూసేసి ఇంకో దారి చూపించకపోతే గోడ దూకి పక్కింటి చెట్టెక్కుతాయి.

మెడలో గంట బెల్టు కట్టేవాళ్ళు కూడా జాగ్రత్త. మామూలు బకిల్ బెల్టు కొమ్మకి తగులుకుంటే ఉరే. లాగితే దానంతట అదే ఊడిపోయే రకం ఉంటుంది, అదే కొనండి, లేకపోతే అసలు వద్దు. జున్నుకి సంక్రాంతి తర్వాత ఆపరేషన్ చేయించేశాం, అప్పటినుంచి ఊరు తిరగడం, ఆడపిల్లుల కోసం గోడలెక్కడం బాగా తగ్గింది, చెట్ల మీద ధ్యాస కూడా తగ్గిందనిపిస్తుంది. పక్షుల కోసం పరిగెత్తడం మాత్రం తగ్గలేదు. అందుకే గోరింకలకి గింజలు వేసే మట్టిమూకుడు చెట్ల కింద నుంచి తీసేసి డాబా మీద పెట్టాం, డాబా తలుపు మూసే ఉంచుతాం.

ఏడాదిలో ఒక్క రోజు కూడా రెండు పిల్లుల్లో ఏదీ ఈ రేకు దాటి పైకెళ్ళలేదు, ఆ గోడ సంగతీ మట్ట సంగతీ సరిచేసుకున్నాక. రేకు మీద గోటి గీతలు సన్నగా పడ్డాయి గానీ పట్టు దొరికేంత లోతు లేవు. ఒక క్లిప్పు వదులైతే పెద్దాయన ఊరికే బిగించి ఇచ్చారు. రేటింగ్ ఇవ్వమంటే రేకు పట్టీకి 5 కి 4 ఇస్తా, ఆ ఒక్కటి తగ్గించింది ఎండకి కాలడం, వానల్లో తీసి ఆరబెట్టుకోవాల్సి రావడం వల్ల. షాపు పనితనానికి 5 కి 5. ముళ్ళ పట్టీకి, స్ప్రేకి, టేపుకి సున్నా.

పెరటి చివర వేపచెట్టు ఒకటి మిగిలింది. దాని మీద ఈమధ్య కాకి గూడు కట్టింది, జున్ను రెండు రోజులుగా దాని మొదట్లో కూర్చుని పైకి చూస్తా ఉంది. నిన్ననే దారం చుట్టి ముడేశా, కింద 52, పైన 49. ముందు పైన ఏ పిల్లీ లేదని చూసుకుని, శనివారం పొద్దున్నే రేకుల షాపుకి వెళ్తున్నా.